ఖాళీగా ఉండాల్సిన గడి

ఆమెను ఇంట్లో గాభరా అంటారు. బడిలో రాయించిన పేరు వేరే ఉంది గానీ, ఆ పేరు పెట్టి పిలిస్తే ఆమే ఒక క్షణం ఆలోచించి పలుకుతుంది. చిన్నప్పుడు ఉరిమినప్పుడల్లా మంచం కింద దూరేదని నాన్న పెట్టిన పేరు అది. పెద్దయ్యాక ఉరుములంటే భయం పోయింది, మిగతా అన్నిటికీ పట్టుకుంది. తాళం వేసిన తలుపును మళ్ళీ లాగి చూస్తుంది. బస్సు దిగాక ఏమైనా వదిలేశానేమోనని ఆ బస్సు కనుమరుగయ్యేదాకా చూస్తూ నిలబడుతుంది. ఫోన్ మోగితే ముందు గుండెమీద చెయ్యేసుకుని, ఆ తర్వాత ఎత్తుతుంది. ఇంటిల్లిపాదీ ఆమెను చూసి నవ్వేవాళ్ళు. నవ్వుతూనే, ప్రయాణాలప్పుడు టిక్కెట్లు మాత్రం ఆమె చేతికే ఇచ్చేవాళ్ళు.

కాలేజీ ఎదురు సందులో ఒక డీటీపీ షాపు ఉంది. అక్కడ ఆమె పని. టైపింగు, ప్రింటు, బైండింగు, లామినేషను అన్నీ ఉన్నా, అసలు రద్దీ పాత ఫైళ్ళతో. ఎప్పుడో ఏ కాలంనాటి కంప్యూటర్లోనో చేసుకున్న ఫైలు పట్టుకొచ్చి, "ఇది ఫోన్లో తెరుచుకోవట్లేదండీ, కాస్త మార్చి పెడతారా" అని అడిగేవాళ్ళు పొద్దున్నుంచీ వస్తూనే ఉంటారు. అందుకు ఆమె వాడే టూలు ఉచితంగా దొరుకుతుంది. అది ఏ కంపెనీదీ కాదు. దాని కోడంతా అందరికీ కనబడేలా బయటే ఉంటుంది. ఎవరైనా చూడొచ్చు, తప్పు కనబడితే దిద్ది పంపొచ్చు. పంపింది బాగుందో లేదో చూసి అసలు కోడులో కలిపే బాధ్యత మాత్రం ఒక మనిషిది. ఆయన ఎక్కడుంటాడో, వయసెంతో, గడ్డముందో లేదో ఆమెకు తెలియదు. రాతలో మర్యాద కనబడింది కాబట్టి పెద్దాయన అని పిలుచుకుంది.

ఈ దిద్దడం ఆమె ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. ఒక లాయరుగారి పుస్తకంలో పేజీ అడుగున ఉండాల్సిన వివరణలు టూలు చేతిలో పడి చివరికి కొట్టుకుపోతుంటే, ఆ లాయరుగారు రోజూ వచ్చి ఆమె ప్రాణం తీస్తుంటే, ఇక తట్టుకోలేక కోడు తెరిచింది. వెతికింది, కొన్నాళ్ళు తలపట్టుకుంది, దొరికింది. దిద్దాక పంపే బటను నొక్కి, అక్కడేదో పేలుతుందన్నట్టు షాపు బయటికొచ్చి నిలబడింది. ఏమీ పేలలేదు. "బాగుంది, కలిపేశాను, ధన్యవాదాలు" అని పెద్దాయన రాశాడు. ఆ ఒక్క వాక్యాన్ని ఆమె అన్నకు చూపించింది, వదినకు చూపించింది, షాపు ఓనరుకి చూపించింది. ఓనరు చదివి, "జీతమేమన్నా ఇస్తారటా?" అని అడిగాడు. ఆయన లోకం ఆయనది.

అన్న క్రేను ఆపరేటరు. ఎత్తయిన కట్టడాల దగ్గర ఇనుమూ, ట్యాంకులూ, తయారైన గోడలూ ఎత్తి దించే పని. ఇంట్లో భయాన్ని పంచినప్పుడు మొత్తం చెల్లెలి వాటాకే పోయిందని వదిన అంటూ ఉంటుంది. నిజమే, అన్న దేనికీ జంకడు. అలాగని దుడుకు మనిషి కాదు. పని తెలిసినవాడు.

కథ ఇక్కడ మొదలవుతుంది. ఒక బడి పంతులమ్మ టైంటేబులు ఫైలు తెచ్చింది. అందులో రెండు పీరియడ్ల ల్యాబు క్లాసును, పైగడీ కిందిగడీ కలిపి ఒకే పెద్ద గడిగా గీశారు. టూలు దాన్ని మార్చేటప్పుడు పైగడిలో ల్యాబు అని రాసి, కింది గడిని ఖాళీగా వదిలేసింది. పిల్లలు రెండో పీరియడు సెలవనుకుని ఆటస్థలంలో తేలారట. పంతులమ్మ వచ్చి నిలబెట్టి కడిగేసింది. గాభరా మళ్ళీ కోడు తెరిచింది. గడి కింద ఖాళీ ఉంటే, పైమాటనే కిందికీ దించాలి, అంతే కదా అనుకుంది. అయితే గాభరా గాభరానే. ఎన్ని ఖాళీలుంటే అన్నీ నింపుకుంటూ పోతే ప్రమాదమని, ఒక్క గడిని మాత్రమే నింపాలని పగ్గం వేసింది. ఆ జాగ్రత్తే తర్వాత కొంప ముంచింది. అదెలాగో ముందుకు వెళితే తెలుస్తుంది.

దిద్దుబాటుతోపాటు ఒక పరీక్ష కూడా పంపాలన్నది అక్కడి పద్ధతి. పరీక్షంటే ఒక నమూనా ఫైలు, దాన్ని మారిస్తే రావలసిన సరైన జవాబు. రేపు ఇంకెవరు కోడు ముట్టుకున్నా, యంత్రం ఆ నమూనాను మళ్ళీ మార్చి జవాబుతో పోల్చి చూస్తుంది. సరిపోతే పచ్చగుర్తు, తేడా వస్తే ఎర్రగుర్తు. ఎర్రగుర్తు పడ్డదాన్ని పెద్దాయన కలపడు. ఆ సరైన జవాబును మనిషి కూర్చుని చేత్తో తయారు చేయాలి. మహా విసుగు పని. అందుకని అక్కడ చాలామంది ఒక అడ్డదారి తొక్కుతారు. తమ కోడునే నడిపించి, అది కక్కినదాన్నే సరైన జవాబని దాచేస్తారు. పరీక్ష రాసిన పిల్ల తన పేపరు చూసి తనే కీ తయారు చేసినట్టన్నమాట. ఒక్కొక్క గడీ కళ్ళతో చూసుకుంటే ఇందులో నష్టమేమీ లేదు.

ఆమె నమూనాలో రెండు పట్టికలున్నాయి. మొదటిది పంతులమ్మ టైంటేబులు. వేలుపెట్టి గడిగడీ చూసుకుంది. రెండోది, పరీక్ష గట్టిగా ఉండాలని తనే చేర్చిన డ్యూటీ చార్టు. అందులో గడి ఖాళీగా ఉంటే ఆ పూట ఆ మనిషికి సెలవని అర్థం. దాన్ని చూడబోతుండగా ఓనరు, "అమ్మాయ్, లామినేషను మెషీన్లో కాగితం ఇరుక్కుంది, కాలిపోతోంది, రా!" అని కేకేశాడు. కాగితం లాగి, చెయ్యి చురుక్కుమంటే ఊదుకుంటూ వచ్చి, రెండో పట్టికను పైనుంచి కిందికి ఒక చూపు చూసి పంపేసింది. ప్రతిదాన్నీ మళ్ళీ చూసే మనిషి ఆ ఒక్కదాన్నీ మళ్ళీ చూడలేదు. పచ్చగుర్తు పడింది. పెద్దాయన కలిపాడు. పంతులమ్మ సంతోషించింది.

తర్వాత కొన్నాళ్ళకు అన్న ఒక పెన్‌డ్రైవు పట్టుకుని షాపుకొచ్చాడు. క్రేను క్యాబిన్లో లోడు చార్టని ఒకటి అంటించి ఉంటుంది. బూమ్, అంటే క్రేను పొడవాటి చెయ్యి, దాన్ని ఎంత చాపితే, ఎంత దూరాన, ఎంత బరువు ఎత్తొచ్చో అందులో అంకెలుంటాయి. దూరం పెరిగేకొద్దీ అంకె చిన్నదవుతూ వస్తుంది. ఒక హద్దు దాటాక అంకె ఉండదు, గడి ఖాళీ. ఖాళీ అంటే అక్కడ ఏదీ ఎత్తకూడదు. ఎత్తితే క్రేనే బోర్లా పడుతుంది. అన్న క్యాబిన్లోని కాగితం ఎండకు వెలిసిపోయి సగం అంకెలు కనబడడం మానేశాయి.

"ఆఫీసువాళ్ళని అడిగీ అడిగీ నోరు నొప్పెట్టిందే గాభరా. చివరికి ఫైలు చేతిలో పెట్టి నువ్వే ఏదో చేసుకోమన్నారు. ఫోన్లో కనబడేట్టు చేసి పెట్టు" అన్నాడు.

చేసి పెట్టింది. పట్టిక ఎంత పొందిగ్గా వచ్చిందో చూసుకుని మురిసిపోయింది. గీతలు తిన్నగా ఉన్నాయి, నిలువు వరుసలు కుదురుగా కూర్చున్నాయి. అంకెల వంక చూడలేదు. చూసినా ఆ అంకెలు ఏం చెబుతున్నాయో ఆమెకేం తెలుసు? అన్న అక్కడికక్కడే దాన్ని తోటి ఆపరేటర్ల గ్రూపులో పెట్టి, కింద "మా చెల్లెలు చేసింది" అని రాశాడు. వరసగా బొటనవేళ్ళ బొమ్మలు వచ్చాయి. ఆ రోజంతా ఆమె నేలమీద నడవలేదు.

ఇక ఆ మధ్యాహ్నం సంగతి. షాపులో జనం బాగానే ఉన్నారు. ఎవరిదో థీసిస్ ప్రింటవుతోంది. పెద్దాయన దగ్గర్నుంచి ఒక సందేశం వచ్చింది. "పాత ఫిర్యాదులు దులుపుతున్నాను. ఇది మీ పరీక్షకు సంబంధించింది. వీలైతే ఒకసారి చూస్తారా?"

చూసింది. ఫిర్యాదు చేసిన మనిషి బొమ్మ స్థానంలో తాబేలు ఉంది. అతను బస్సుల వేళల పట్టిక మార్చుకున్నాడట. ఏ స్టాపు దగ్గర గడి ఖాళీగా ఉంటే అక్కడ బస్సు ఆగదని అర్థం. టూలు ఆ ఖాళీలో పై స్టాపు వేళనే రాసి పెట్టింది. జనం ఆగని బస్సు కోసం నిలబడ్డారు. అతను ఊరికే ఫిర్యాదు చేసి వదలలేదు, దిద్దుబాటు కూడా రాసి పంపాడు. కలిసిన గడి వేరు, ఖాళీ గడి వేరు, ఆ తేడా చెప్పే గుర్తు పాత ఫైల్లో ఇంకోచోట ఉంటుందని వెతికి పట్టుకున్నాడు. కానీ అతని దిద్దుబాటుకు ఎర్రగుర్తు పడింది. గాభరా పరీక్ష వేసిన ఎర్రగుర్తు, డ్యూటీ చార్టులో సెలవు గడి నిండి ఉండడమే సరైన జవాబని అందులో దాచి ఉంది మరి. దాని కింద తాబేలు చివరి మాటలున్నాయి. "క్షమించండి. ఖాళీలు నిండాలన్నదే మీ ఉద్దేశమని పరీక్ష చూశాక అర్థమైంది. నేనే పొరబడ్డాను. నా దిద్దుబాటు వెనక్కి తీసుకుంటున్నాను."

మొదట ఆమెకు సిగ్గేసింది. అయ్యో పాపం, సరైన మనిషిని తప్పన్నానే అనుకుంది. ఖాళీ గడి నిండింది, ఖాళీ గడి నిండింది అని లోపల్లోపల అనుకుంటూనే థీసిస్ కాగితాలు సర్దింది. సర్దుతూ సర్దుతూ ఉండగా ఆమెకు ఇంకో పట్టిక గుర్తొచ్చింది.

చేతిలో కాగితాలు జారి నేలంతా పరుచుకున్నాయి. "మేడమ్, నా థీసిస్!" అని ఎవరో అరుస్తున్నారు. ఆమెకు వినబడలేదు. అన్న ఇచ్చిన అసలు ఫైలును పాత సాఫ్ట్‌వేరులోనే తెరిచింది. తను మార్చి ఇచ్చినదాన్ని పక్కన పెట్టింది. చూసింది. ప్రతి నిలువు వరుసలోనూ, ఎత్తగలిగిన చివరి దూరం కింద, ఇక ఎత్తకూడదన్న మొదటి గడిలో, పైఅంకే మళ్ళీ కూర్చుని ఉంది. ఖాళీలన్నీ నిండి ఉంటే అన్న మొదటి చూపులోనే, ఇదేం పిచ్చి చార్టే అని తిట్టి అవతల పారేసేవాడు. ఒక్కటే గడి కాబట్టి నిజమైన అంకెలా ఒదిగిపోయింది. తను వేసిన పగ్గమే దాన్ని దాచింది.

అన్నకు ఫోన్ చేసింది. మోగింది, మోగింది, ఆగిపోయింది. బరువు గాల్లో ఉన్నంతసేపూ అన్న ఫోన్ ఎత్తడు. మామూలు రోజుల్లో ఆమె అందుకు మెచ్చుకునేది. మళ్ళీ చేసింది. వదినకు చేసింది.

"వదినా, అన్నయ్య ఎక్కడున్నాడు?"

"ఎక్కడుంటాడే, పనిలో ఉంటాడు. మళ్ళీ ఏమైంది?"

"క్రేను ఎత్తొద్దని చెప్పాలి వదినా, అర్జెంటు."

అవతల వదిన నవ్వింది. "క్రేను ఆపరేటరు క్రేను ఎత్తకపోతే ఏమెత్తుతాడే? పీడకలేమన్నా వచ్చిందా పట్టపగలు? కాసిని నీళ్ళు తాగు, అదే తగ్గుతుంది."

చెప్పబోయింది, మాట కూడలేదు. చార్టు, గడి, ఖాళీ అని ఏవో మూడు ముక్కలు అంది. ఇన్నేళ్ళుగా లేనిపోనివాటికి భయపడి భయపడి, ఉన్నదానికి భయపడే వేళకు ఆమె మాటకు విలువ లేకుండా పోయింది. ఫోన్ పెట్టేసి, ఓనరుకు ఒక్క మాటైనా చెప్పకుండా బస్సెక్కింది.

ఆ బస్సు ప్రతి స్టాపులోనూ తాపీగా ఆగింది. ఒకావిడ సంచులు దింపుకునేదాకా ఆగింది. ఒక ముసలాయన ఎక్కాలా వద్దా అని తేల్చుకునేదాకా ఆగింది. గాభరా ముందు సీటు కమ్మిని పట్టుకుని కూర్చుంది. చెమటతో కమ్మి జారిపోతోంది. ఇంతకాలం ఆమె భయాలన్నీ తనకేదో జరుగుతుందన్నవే. తన వల్ల ఇంకొకరికి జరుగుతుందన్న భయం ఎలా ఉంటుందో ఆమెకు ఆ రోజే తెలిసింది. అది కడుపులో ఉండదు, గొంతులో ఉంటుంది. అరవనివ్వదు, మింగనివ్వదు. ఎక్కడో సైరన్ వినబడితే, పై ప్రాణాలు పైనే పోయాయి.

సైటు గేటు దగ్గర వాచ్‌మన్ అడ్డుపడ్డాడు. "హెల్మెట్టు లేకుండా లోపలికి పంపనమ్మా."

"అయితే హెల్మెట్టివ్వండి."

"సూపర్‌వైజరుగారు చెబితే ఇస్తాను."

"ఆయన్ని పిలవండి మరి!"

"ఆయన లోపలున్నారు. లోపలికెళ్ళాలంటే హెల్మెట్టుండాలి."

రేకుల గోడ మీదుగా బూమ్ కనబడుతోంది. దాని కొసన బెల్టులతో కట్టిన ఇనుప దూలాల కట్ట గాల్లో మెల్లగా తిరుగుతోంది. ఎంత దూరం చాపి ఉందో కిందనుంచి ఆమెకేం తెలుస్తుంది? చాలా దూరంగానే కనబడింది. ఆమె ఎప్పుడూ అరవలేదు. బల్లిని చూసినా నోరు మూసుకుని వణికే మనిషి. ఆ రోజు "ఆపండి!" అని అరిచిన అరుపుకు వాచ్‌మన్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. సూపర్‌వైజరు చిరాగ్గా బయటికొచ్చాడు.

"ఎవరమ్మా మీరు? ఏంటీ గోల?"

"క్రేను ఆపరేటరుగారి చెల్లెల్ని. వాళ్ళ ఫోన్లలో ఉన్న లోడు చార్టు తప్పండీ."

"చార్టు క్యాబిన్లో ఉంటుంది. ఫోన్లలో ఏంటి?"

"క్యాబిన్లోది వెలిసిపోయిందండీ. అందరూ ఫోన్లోనే చూస్తున్నారు. అది తప్పు."

"తప్పని ఎవరు చెప్పారు మీకు?"

"నేనే. దాన్ని తప్పు చేసింది నేనే."

తప్పు పక్కవాడిదని చెప్పేవాళ్ళను పొద్దస్తమానం చూసే మనిషి ఆయన. ఈ మాట విని ఆమె మొహంలోకి ఒకసారి చూసి, వాకీటాకీ నోటి దగ్గర పెట్టుకున్నాడు. బూమ్ ఆగింది. తర్వాత మెల్లగా దగ్గరికి ముడుచుకుంటూ వచ్చి, దూలాల కట్టను నేలకు దించింది. అది నేలను తాకేదాకా గాభరా ఊపిరి తీసుకోలేదు.

అన్న క్యాబిన్ దిగి, చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "ఏమ్మా గాభరా, ఇంట్లో పిల్లి ఈనిందా? పనాపించేశావు!" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆమె మాట్లాడకుండా ఫోన్ అతని చేతిలో పెట్టి, ఒక్కొక్క వరుసలో ఆ గడిమీద వేలుంచి, "ఇది ఖాళీ అన్నయ్యా. ఇది కూడా ఖాళీ. నేను నింపేశాను" అంది. అన్న మొదటి గడి చూశాడు, రెండోది చూశాడు. నవ్వు పోయింది. చెల్లెల్ని చెయ్యి పట్టుకుని క్రేను వెనక్కి తీసుకెళ్ళాడు.

"పొద్దున ఎత్తాను" అన్నాడు.

"ఏది?"

"నీళ్ళ ట్యాంకు. కట్టడం అవతలి మూల దించాలన్నారు. ఈ గడి దూరమే." అన్న గొంతు తగ్గించాడు. "నాకది ఖాళీ అనే గుర్తే. ఈ క్రేనెక్కినప్పట్నుంచీ ఖాళీ అనే గుర్తు. ఫోన్ తీసి చూస్తే అంకె ఉంది. ట్యాంకు బరువు ఆ అంకె కంటే తక్కువే."

"ఖాళీ అని గుర్తుంటే ఎందుకెత్తావన్నయ్యా?"

"నువ్వు చేశావు కదే!" అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది. "పాత కాగితంలో ఆ అంకె వెలిసిపోయిందేమో, నేనే ఖాళీ అని అలవాటు పడ్డానేమో అనుకున్నా. ఇంకెవడు చేసినా నమ్మేవాణ్ణి కాదు. దారం ముక్క కదిలినా భయపడి చచ్చే మనిషి, సరిగ్గా చూడకుండా నా చేతికిస్తుందా అనుకున్నా."



"వెనక కాలు లేచింది" అన్నాడు అన్న. క్రేను అటూ ఇటూ పడకుండా, కింద పలకలు వేసి నేలమీదకు దించే ఇనుప కాళ్ళుంటాయి, అందులో ఒకటి. "పలకమీంచి ఇంత లేచింది. పూర్తిగా పోయామే అనుకున్నా. బూమ్ లాక్కున్నాను, మళ్ళీ కూర్చుంది. ట్యాంకు కింద ఈల ఉన్నాడు. నేల మెత్తగా ఉందని చెప్పి ఇంకో పలక వేయించాను. నేనూ అదే అనుకున్నాను, ఇప్పటిదాకా."

ఈల అంటే సిగ్నల్ మనిషి. అన్న ఈడువాడే, అన్నతోపాటే పనిలో చేరాడు. బరువు కింద నిలబడి, మెళ్ళో వేలాడే ఈల ఊదుతూ చేతులతో సైగలు చేస్తాడు. అన్న అతని సైగను నమ్మి బరువు కదుపుతాడు, అతను అన్నను నమ్మి బరువు కింద నిలబడతాడు. గాభరా అటు చూసింది. దూలాల కట్ట దగ్గర ఈల ఎవరితోనో మేలమాడుతూ బెల్టులు విప్పుతున్నాడు. అక్కడే ఇసుక కుప్పమీద కూలబడింది. ఏడుపు రాలేదు. ఏడవడానికి కూడా కాస్త ధైర్యం కావాలి కాబోలు.

అన్న గ్రూపులో రాశాడు. "ఆ చార్టు తీసేయండి. తప్పుంది. చూసినవాళ్ళు జవాబివ్వండి." ఒక్కొక్కరే జవాబిచ్చారు. ఒకతను మాత్రం ఇవ్వలేదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. అన్నాచెల్లెళ్ళు ఆ ఇసుక కుప్ప దగ్గర ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా నిలబడ్డారు. చివరికి అతని భార్య ఎత్తి, ఆయన సెలవు పెట్టి గురక పెడుతున్నాడనీ, లేపితే తనను తిడతాడనీ చెప్పింది. "లేపొద్దమ్మా, లేపొద్దు" అన్నాడు అన్న.

మర్నాడు పొద్దున్నే షాపు తెరవగానే ఆమె తాబేలు దిద్దుబాటును బయటికి తీసింది. తన పరీక్షలోని జవాబును చెరిపేసి, రెండు పట్టికలకూ గడిగడీ చేత్తో రాసింది. పెద్దాయనకు దాపరికం లేకుండా చెప్పింది. తప్పు నాది, జవాబును నా కోడుతోనే తయారు చేశాను, రెండో పట్టిక చూడలేదు, దీనివల్ల మనుషులు చచ్చేవాళ్ళు అని రాసింది. తిడతాడనుకుంది. "పచ్చగుర్తు చూసి నేనూ కలిపేశాను. నాకూ వాటా ఉంది" అని జవాబొచ్చింది. ఖాళీ గడులున్న పట్టికలు మార్చుకున్నవాళ్ళంతా మళ్ళీ సరిచూసుకోండని టూలు పేజీ నెత్తిన ఒక హెచ్చరిక పెట్టాడు. తాబేలు కూడా రాశాడు. "తప్పు నాదేననుకుని వెళ్ళిపోయాను. ఇంకాస్త గట్టిగా పట్టుబట్టి ఉండాల్సింది."

ఆమె ఒక్కటే అడిగింది. ఈలోగా దీన్ని ఎంతమంది వాడి ఉంటారు?

"తెలియదు" అన్నాడు పెద్దాయన. "తెలుసుకునే దారి కూడా లేదు. ఎవరికి కావాలంటే వాళ్ళు తీసుకుంటారు. మనకు చెప్పరు."

అన్న గ్రూపులో ఉన్నవాళ్ళను లెక్కపెట్టి లేపొచ్చు. ఏ ఊళ్ళోనో, ఏ గోడకో అంటించిన ఏ పట్టికలో తన అంకె కూర్చుని ఉందో ఎవర్ని లేపి అడగాలి? షాపుకొచ్చిన ప్రతి పట్టికా ఆమెకు భయం పుట్టించింది. ఆ రోజంతా అడిగినవాళ్ళకు తప్పు చిల్లరిచ్చి, తిట్లు తిని, మళ్ళీ సరిచేసి ఇచ్చింది.

కొత్త చార్టు మార్చి, దాన్నీ, అసలు ఫైలు ప్రింటునూ పట్టుకుని భోజనాల వేళ సైటుకు వెళ్ళింది. ఈసారి వాచ్‌మన్ చూడగానే హెల్మెట్టిచ్చాడు. అది చెవులమీదకు జారుతోంది. అన్న చెక్కలమీద కూర్చుని ఉన్నాడు.

"నువ్వు అసలుది చదువన్నయ్యా, నేను కొత్తదాంట్లో చూస్తాను. ఒక్క గడి కూడా వదలొద్దు."

"నేను కాదు" అన్నాడు అన్న. "కింద నిలబడేది వాడు. వాడే చదవాలి." అని లేచి ఈలను పిలిచాడు.

ఈల వచ్చి కూర్చుని, "ఏంటి సంగతి, అన్నాచెల్లెళ్ళు పంచాయితీ పెట్టారు?" అన్నాడు. అన్న చెప్పాడు. తప్పు మెత్తటి నేలది కాదని, ఎత్తకూడని చోట ఎత్తానని, కాలు లేచినప్పుడు నువ్వు కింద ఉన్నావని. ఆ అంకె నేను పెట్టిందేనని గాభరా చెప్పింది. ఈల అరుస్తాడని ఇద్దరూ చూశారు. అతను అరవలేదు. మెళ్ళో ఈలను వేళ్ళతో తిప్పాడు.

"కాలు లేవడం నేను చూశాను" అన్నాడు చివరికి. "రాత్రి మా ఆవిడకి చెబుదామనుకున్నాను. చెప్పలేదు." చెయ్యి చాచాడు. "ఏదీ, కాగితం ఇలా ఇవ్వు."

చదవడం మొదలుపెట్టాడు. నిదానంగా, వేలుపెట్టి, వరుస తర్వాత వరుస. అతను అంకె చెబితే ఆమె తన కాగితంలో చూసి అదే అంకె చెబుతోంది. ఖాళీ అంటే ఖాళీ అంటోంది. మధ్యాహ్నం పని గంట మోగింది. సూపర్‌వైజరు ఇటు చూశాడు గానీ పిలవలేదు. చదువుతూ చదువుతూ ఈల ఒకచోట ఆగాడు.

"ఇదేనా?"

"అదే" అన్నాడు అన్న. దేనికీ జంకని మనిషి కాగితంమీంచి చూపు తిప్పుకున్నాడు.

"ఖాళీ" అన్నాడు ఈల.

"ఖాళీ" అంది ఆమె. పెదాలు కదిలాయి గానీ మాట బయటికి రాలేదు.

ఈల తలెత్తాడు. వేలు ఆ గడిమీదే ఉంది. "గట్టిగా చెప్పమ్మా. వినబడలేదు."

"ఖాళీ" అంది గాభరా గట్టిగా. అప్పుడు గానీ ఈల వేలు పక్క గడికి జరపలేదు.